బాహుదా మొగ దగ్గర మడ మొక్కలు: 1,400 నాటితే 61 మిగిలిన దగ్గర్నుంచి

మాది గంజాం జిల్లా కొస. బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉన్న తెలుగు చేపల వేటగాళ్ల ఊరు, ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. మడ అడవి అనగానే ఒడిశాలో అందరూ కేంద్రపడ, భితర్కనిక వైపు చూస్తారు. మా దగ్గర మిగిలింది ఉప్పుటేరు పాయ ఒడ్డున 23 పాత చెట్లు. వాటి చుట్టూ ముప్పావు ఎకరం బురదలో మేం చేసిన పని ఇది.

మహిళా సంఘంలో లెక్కలు రాసేది నేనే కాబట్టి ఈ పని లెక్కల పుస్తకం కూడా నా దగ్గరే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, బారువ వైపు ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడుతుంటే ముందు దశ 1, దశ 2 చదవండి, తర్వాతే మొక్కలకు డబ్బులు కట్టండి.

దశ 1: ఉప్పు పొన్న (2021 డిసెంబరు – 2022 జూన్)

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను వచ్చి వెళ్లాక పాయ గట్టు రెండు చోట్ల తెగింది. మొక్కలు వేద్దామన్నది ఆ తర్వాతే. గోదావరి వైపు ఒక నర్సరీ నుంచి ఉప్పు పొన్న అనే రకం మడ మొక్కలు, సంచుల్లో పెంచినవి, 1,400 తెప్పించాం. ఒక్కొక్కటి 8 రూపాయలు, లారీ కిరాయి 4,600. డిసెంబరు 12 ఆదివారం, నీళ్లు దిగినప్పుడు, పాయ అంచున మెత్తటి బురదలో మీటరుకొకటి చొప్పున గుచ్చాం. ఆ చోటు ఎందుకు ఎంచుకున్నామంటే బురద మెత్తగా ఉంది, పని త్వరగా అవుతుంది, అంతే. ఇంకే కారణమూ లేదు.

లెక్క ఇలా పడింది:

- 2021 డిసెంబరు 12: 1,400
- 2022 జనవరి 30: 1,130
- 2022 మార్చి 20: 540
- 2022 జూన్ 26: 61

మొదట మేకలు తిన్నాయనుకున్నాం. కానీ మేకలు అంత లోతు బురదలోకి దిగవు. మార్చిలో ఒక చచ్చిన మొక్కని పీకి ఇంటికి తెచ్చాను. రెండడుగుల కాడ, దాని మీద పడవ అడుక్కి పట్టే తెల్ల గుల్ల. గోటితో గీకితే రాలేదు, కత్తితో ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టాను, 47. పడవకే ఆ గుల్ల బరువైతే వేలు లావు కాడ ఏం మోస్తుంది? ఆకులకీ పట్టేసింది. కాడ మీద గుల్ల పట్టిన మేర చూస్తే రోజులో ఎక్కువసేపు మొక్క నీళ్లలోనే మునిగి ఉందని అర్థమైంది. వేర్లు కూడా వాసన చూశాను, కుళ్లిన గుడ్డు వాసన, నల్లగా మెత్తబడిపోయాయి.

ఫిబ్రవరి ఆఖర్లో మొగ ఇసుకతో పూడిపోయింది కూడా. దాని సంగతి దశ 3లో రాస్తాను.

ఇప్పటివరకు: నాటినవి 1,400, బతికినవి 61, ఖర్చు 15,800, పనిదినాలు 70.

దశ 2: కొలతలు (2022 జూలై – డిసెంబరు)

అమెరికాలో రాబిన్ లూయిస్ అనే ఆయన ఏళ్ల తరబడి చెప్పిన మాట ఒకటుంది: మడ దానంతటదే ఎందుకు మొలవడం లేదో తెలుసుకోకుండా నాటొద్దు, ముందు నీటి రాకపోకలు సరిచెయ్యి. బరంపురంలో చదువుకునే మా మేనల్లుడు ఇది చదివి చెప్పాడు. ఇదే మాట డిసెంబరులోనే తెలిసుంటే 15,800 మిగిలేవి.

మేం కొలిచిన పద్ధతి ఇది. మేస్త్రీలు పునాదికి వాడే నీళ్ల గొట్టమే సరిపోతుంది.

1. 20 మీటర్ల పారదర్శక గొట్టం, రెండు వెదురు కర్రలు. కర్రల మీద 5 సెంటీమీటర్లకొక గీత ఎనామిల్ పెయింటుతో వేయాలి. స్కెచ్ పెన్ను వేస్తే వారంలో పోయింది.
2. గొట్టంలో నీళ్లు నింపేటప్పుడు ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. మా మొదటి రోజు కొలతలన్నీ బుడగ వల్లే కొట్టేశాం.
3. కదలని గుర్తు ఒకటి కావాలి. మాకు కల్వర్టు సిమెంటు మెట్టు.
4. పున్నమి పాటులో నీళ్లు అన్నిటికన్నా కిందకి దిగిన గీతని సున్నా అనుకోవాలి. నెలంతా చూసి పెట్టుకోండి, ఒక్క రోజు చూసి కాదు.
5. తర్వాత కొత్త స్థలం కాదు, బతికున్న పాత చెట్ల కాళ్ల దగ్గర కొలవాలి.

అయిదోది చేశాక మాకు మాట రాలేదు. 23 పాత చెట్లూ సున్నాకి 62 నుంచి 88 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. మేం ఉప్పు పొన్న నాటింది 15 నుంచి 30 లో. ఒక పగలూ రాత్రీ వంతులేసుకుని కూర్చుని చూస్తే 20 గీత దగ్గర 24 గంటల్లో 15 గంటలు నీళ్లున్నాయి, 70 గీత దగ్గర 5 గంటలే. పాత చెట్లు చెప్పకనే చెబుతున్నాయి, అడిగింది మాత్రం మేం ఏడాది తర్వాత.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొన్నాం, 1,850. పైన పారే నీళ్లు కొలిస్తే లాభం లేదు, వేరు తాగే నీళ్లు కొలవాలి. మోచేతి లోతు గొయ్యి తీసి, మొదట ఊరిన నీళ్లు తోడేసి, రెండోసారి ఊరిన నీళ్లు రెండు చుక్కలు అద్దం మీద వేయాలి. పాత చెట్ల దగ్గర వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు 28 నుంచి 40 పాళ్లు వచ్చింది. చెట్టూ చేమా లేని పై బయలులో, మొగ మూసి ఉన్న రోజుల్లో, 68. సముద్రం నీళ్లే వెయ్యికి 35 లోపుంటాయి, అంటే దానికి రెట్టింపు.

ఇక్కడ ఇంకో తప్పు. ఆగస్టు, సెప్టెంబరు కొలతలన్నీ 6 ఎక్కువ చూపించాయి. సాధనాన్ని వాడే ముందు డిస్టిల్డ్ వాటరుతో సున్నాకి తిప్పుకోవాలని మాకు తెలియదు. బ్యాటరీలో పోసే నీళ్ల సీసా 40 రూపాయలు, అది కొన్నాక సరయింది. ఆ రెండు నెలల పేజీల మీద అడ్డగీత కొట్టాను, పైన రాసిన అంకెలు తర్వాతవే.

ఖర్చు 2,690, పనిదినాలు 22. మొత్తం ఖర్చు 18,490, పనిదినాలు 92. ఉప్పు పొన్న 44కి దిగింది.

దశ 3: మొగ, రెండుసార్లు

మా తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఏట్లో నీళ్లు తగ్గాయంటే అలలు ఆ ఇసుకని మొగలోకి తోసి దిబ్బ కడతాయి. దిబ్బ పడిందంటే పోటు లేదు, పాటు లేదు. లోపలి నీళ్లు అక్కడే ఎండుతూ ఉప్పు తేలుతాయి.

2023 జనవరిలో మొగ సన్నబడుతోందని చూసి తవ్వాం. 42 మంది, రెండు రోజులు, 34 మీటర్ల కాలువ, చేతి పారలతోనే. వంట ఖర్చు 3,400. నీళ్లు కదిలినప్పుడు పిల్లలు కేకలు పెట్టారు. తొమ్మిదో రోజుకి మళ్లీ మూసుకుపోయింది, తవ్వినట్టు ఆనవాలు కూడా లేదు.

మా ఊళ్లో ముసలి తండేలు (పడవ మీద పెద్ద) ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు వేటకి వెళ్లడం లేదు. ఆయన దగ్గరికి వెళ్తే ఇలా అన్నాడు: "అమ్మీ, ఏరు ఎండినప్పుడు మొగ తవ్వితే సముద్రం లోపలికొస్తాది, ఇసక తెస్తాది. ఏరు నిండినాక, అమాస పాటు చూసుకుని చిన్న గాటు పెట్టండి సాలు, మిగతాది ఏరే తవ్వుకుంటాది." వెనకటికి రొయ్య పిల్ల లోపలికి రావడానికి ఊరంతా కలిసి అలాగే చేసేవాళ్లట. మాలో ఒక్కరం కూడా ముందు ఆయన్ని అడగలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగే విషయం అదే, ఎందుకంటే ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల అవతల.

అనుమతి సంగతి కూడా రాయాలి. మడ ఉన్న చోటు కోస్తా నియంత్రణ నిబంధనల్లో సీఆర్‌జెడ్-1ఏ కిందకి వస్తుంది, అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న వర్గం అది, మన ఊరి పాయే కదా అని పార పట్టుకుని వెళ్లకూడదు. మొదటి అర్జీ తెలుగులో రాసి ఒక ఆఫీసులో ఇస్తే నాలుగు నెలలు కదల్లేదు. మేనల్లుడు ఒడియాలో తిరగరాసి, దశ 2 కొలతల పేజీలు జెరాక్స్ తీసి జతచేస్తే మూడు వారాల్లో అటవీ సిబ్బంది వచ్చి చూశారు. వాళ్లు పెట్టిన షరతు న్యాయమైనదే: తాబేళ్ల కాలంలో ఇసుక ముట్టుకోకూడదు. ఆలివ్ రిడ్లీలు రుషికుల్య మొగ దగ్గర లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి, మా ఇసుక మీదకీ కొన్ని ఎక్కుతాయి. పిల్లలన్నీ సముద్రం చేరాకే పార.

2023 జూలై 17, అమావాస్య. ఏరు నిండుగా ఉంది. 31 మంది, ఒక్క పూట. రెండడుగుల వెడల్పు గాటు పెట్టాం, అంతే. మధ్యాహ్నం పాటుకి రెండడుగులు కాస్తా ఆరయింది, సాయంత్రానికి ఒడ్డున నిలబడలేకపోయాం, కాళ్ల కింద ఇసుక జారుతోంది. మర్నాటికి 14 మీటర్లు. 2024 మార్చి దాకా తెరిచే ఉంది.

దశ 4: చేప ముల్లు కాలువలు (2023 మార్చి – జూన్)

ఇది మొగ రెండు తవ్వకాలకీ మధ్యలో జరిగింది. పాత రొయ్యల చెరువు గట్టు ఒకటి వదిలేసి పోయారు, దానివల్ల లోపలి బయలులోకి పోటు నీరు రావడం లేదు. గట్టు తెంచి, మధ్యలో పెద్ద కాలువ, దాని రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలు తీశాం. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లులా ఉంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్లు కోరింగ వైపు, తమిళనాడులో పిచ్చవరంలో ఈ పద్ధతితోనే మడని తిరిగి తెప్పించారు.

మా కొలతలు:

1. పెద్ద కాలువ 110 మీటర్లు. పైన 2 మీటర్లు, అడుగున 60 సెంటీమీటర్లు, లోతు 70.
2. పిల్ల కాలువలు 14, పక్కకి ఏడు. ఒక్కొక్కటి 18 మీటర్లు, పైన మీటరు, లోతు 45.
3. తీసిన మట్టి గట్టులా పోయకూడదు, పలచగా పరచాలి. గట్టు చేస్తే మళ్లీ నీళ్లు ఆగుతాయి.

మొదటి 20 మీటర్లు గోడలా నిలువుగా తవ్వాం, పని తక్కువ అవుతుందని. కొద్ది రోజులకే విరిగి కాలువలో పడింది, మళ్లీ తీశాం. రెండో తప్పు, పిల్ల కాలువల అడుగు పెద్ద కాలువ వైపు వాలుగా లేదు. నీళ్లు దిగాక కూడా ఆరు కాలువల్లో గుంటలు మిగిలాయి, వేడెక్కి, పచ్చగా నాచు పట్టి, దోమలు. ఒక గుంటలో నీళ్లు చేతికే కాలాయి. గొట్టం మళ్లీ పట్టుకుని ప్రతి కాలువ మూడు చోట్ల కొలిచి, కొస నుంచి పెద్ద కాలువకి 8 సెంటీమీటర్ల వాలు ఇచ్చాం. కొలవడానికి రెండు రోజులు పట్టింది, సరిచేయడానికి పదకొండు రోజులు. ముందే కొలిస్తే ఆ రెండు రోజులతో పోయేది.

కూలి 96 రోజులు, 350 చొప్పున 33,600. శ్రమదానం 30 రోజులు. పారలు, గమేళాలు 1,900. ఒక్కో పడవ 500 ఇచ్చింది, 38 పడవలు. మిగతాది సంఘం పొదుపులోంచి, సూరత్ వెళ్లిన మా పిల్లలు పంపిన దాంట్లోంచి.

దశ 3, 4 కలిపి, ఇప్పటివరకు: ఖర్చు 59,490, పనిదినాలు 333. కొత్తగా నాటిన మొక్కలు సున్నా. ఊళ్లో ఈ సున్నా మీద చాలా మాటలు పడ్డాం. మొక్కలు నాటకుండా గోతులు తవ్వుతున్నారేంటి అని.

దశ 5: తెల్ల మడ విత్తనం (2023 అక్టోబరు నుంచి)

ఈసారి బయట నుంచి ఏమీ కొనలేదు. మా 23 చెట్లూ తెల్ల మడవే, వాటి విత్తనమే.

1. కింద రాలినవే ఏరాలి. కొమ్మ ఊపితే ముదరనివి కూడా పడతాయి.
2. పురుగు పట్టి చిల్లు ఉన్నవి తీసేయాలి. 3,200 ఏరితే 2,600 నిలిచాయి.
3. పాయ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాలి. మంచినీళ్లు వద్దు.

తెల్లారి బకెట్ చూస్తే పైన పలచటి తోలు ఒలిచిన చిక్కుడు గింజలా విడిపోయి తేలుతోంది. లోపల రెండు మందపాటి పచ్చ బద్దలు, ఒకదాని ఒళ్లో ఒకటి మడిచినట్టు, మధ్యలోంచి వేరు మొన, దాని చుట్టూ తెల్లటి నూగు. చెట్టు మీద ఉన్నప్పుడే లోపల మొలక సిద్ధమై ఉంటుంది, నేల తగిలితే చాలు, మూడో రోజుకి పట్టేస్తుంది. అరచేతిలో పెట్టుకుని చూస్తే ఇంత చిన్నది ఉప్పునీళ్లలో తేలుతూ వచ్చి చెట్టవుతుందా అనిపిస్తుంది.

1,800 నేరుగా కాలువ వాలు మధ్యలో, 60 నుంచి 80 గీతల మధ్య పెట్టాం. 800 సంచుల్లో. పది రోజులకి నేరుగా పెట్టినవి 1,020. పీతలు బద్దలు కొరికి బొరియల్లోకి లాక్కుపోయాయి. రెండు జతల ఆకులు వచ్చాక పీత పెద్దగా ముట్టదు, కాబట్టి పీత బొరియలు ఎక్కువున్న చోట సంచి మొక్క, తక్కువున్న చోట విత్తనం అని మార్చాం. 2024 జనవరి ఆఖరికి నేరుగా పెట్టినవి 640, సంచుల నుంచి దింపినవి 590. మొత్తం 1,230.

మార్చిలో మొగ మూసుకుంది. మేలో వేరు దగ్గర ఉప్పు 61. ఆకులు చిన్నవై, అంచులు మాడి, రాలడం మొదలైంది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు, రోజూ పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని, చేయడానికి మాత్రం ఏమీ లేదు. వానలు ఆలస్యమై ఆగస్టు 4 అమావాస్యకి గానీ గాటు పెట్టలేకపోయాం. అప్పటి లెక్క 702. వీటిలో మేకల వల్ల పోయినవి కూడా ఉన్నాయి.

దశ 6: వలలు, మేకలు

2024 ఏప్రిల్‌లో పాత నైలాన్ వలలు కంచెలా కట్టాం, గుంజలకి 1,300. మూడు వారాల్లో తీసేశాం. ప్లాస్టిక్ చెత్తంతా వలకి పట్టి, గాలికి వాలి, 30 మొక్కల్ని పడుకోబెట్టింది. రెండు మండ పీతలు, ఒక కొంగ చిక్కుకుని చచ్చాయి. పాత వలతో కంచె కట్టొద్దు, ఎవరు చెప్పినా సరే.

జూన్‌లో ఒక్క మధ్యాహ్నం 90 మొక్కల తలలు పోయాయి. మేకలు ఎవరివో తెలుసు. గొడవకని వెళ్లిన మమ్మల్ని ఆ అత్త కూర్చోబెట్టి ఒకే మాట అడిగింది: "వాన పడకముందు నా మేకలకి ఇంకెక్కడుంది పచ్చన?" నిజంగానే లేదు. సరుగుడు తోటల కింద గడ్డి మొలవదు, మిగిలిన బయలు మేమే ఆపేశాం. మాట్లాడుకుని పాయకి ఉత్తరం వైపు బయలు మేకలకి వదిలాం, జూలై నుంచి ఆమెకే కాపలా ఇచ్చి నెలకి 600 ఇస్తున్నాం. గేదెలు దిగినా, ఎవరైనా కొమ్మ విరిచినా ఆమె కేక మాకు ఇళ్ల దాకా వినిపిస్తుంది. ఆ తర్వాత మేక కొరికిన మొక్కలు నెలకి అయిదు దాటలేదు.

దశ 7: మేం నాటనివి

2024 అక్టోబరు 24 రాత్రి నుంచి 25 వరకు దానా తుఫాను పైన ధామ్రా, భితర్కనిక వైపు తీరం దాటింది. మాకు అలలు, వాన, ఒండ్రు. 47 మొక్కలు పూడిపోయాయి, 655 మిగిలాయి.

నవంబరులో ఒండ్రు తీయడానికి వెళ్లినప్పుడు పిల్ల కాలువల వాలు మీద వరస తప్పి మొలకలు కనిపించాయి. మేం అడుగున్నరకొకటి తాడు పట్టి పెట్టాం, ఇవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. పోటుకి తేలొచ్చి వాటికవే పట్టినవి. అందరం నాలుగు కాళ్ల మీద పాకుతూ లెక్కపెట్టాం, 388. ఎవరి కాలి కింద పడతాయోనని వెదురు పుల్లలు గుచ్చాం. మా చెట్ల నుంచి రాలిన విత్తనం వెనకటేళ్లు కూడా ఈ నీళ్ల మీదే తేలుతూ ఉండి ఉంటుంది, ఆగడానికి సరైన ఎత్తులో నేల లేక సముద్రంలోకి పోయి ఉంటుంది.

కొందరు ఇది తుఫానుని ఆపుతుందా అని అడుగుతున్నారు. 1999 సూపర్ సైక్లోన్‌లో కేంద్రపడలో వెడల్పాటి మడ ముందున్న ఊళ్లలో చావులు తగ్గాయని అధ్యయనం ఉంది. మాది ముప్పావు ఎకరం, చాలా మొక్కలు నడుము ఎత్తు కూడా రాలేదు, అంత మాట నేను చెప్పను. తెగిన గట్టు దగ్గర మట్టి నిలుస్తోంది, మండ పీత పిల్లలు కాలువల్లో కనిపిస్తున్నాయి, ఇంతవరకు చెప్పగలను.

2025 నవంబరు 23, ఆదివారం లెక్క

- నాటిన తెల్ల మడ: 571
- వాటికవే వచ్చినవి: 913, అందులో వేరే రకం మడ చెట్లు గుగ్గిలం 26, తిల్ల 9
- పాత ఉప్పు పొన్న: 17, కాలువ మొదట్లో నీడలో
- చీటీ కట్టిన 30 మొక్కల సగటు ఎత్తు 64 సెంటీమీటర్లు, అన్నిటికన్నా పొడుగుది 112
- వేరు దగ్గర ఉప్పు: 26
- మొగ వెడల్పు: 11 మీటర్లు
- మొత్తం ఖర్చు 76,640, పనిదినాలు 463

గుగ్గిలం, తిల్ల మా 23 చెట్లలో లేవు. ఎక్కడి నుంచి తేలొచ్చాయో చూడ్డానికి ఈ అమావాస్య తర్వాత దక్షిణం వైపు పాయలన్నీ పడవలో తిరగాలనుకుంటున్నాం. తండేలు తాత కూడా వస్తానన్నాడు, ఆయనకి పడవ ఎక్కడానికి చిన్న నిచ్చెన చేయించాలి, వడ్రంగి 250 అడిగాడు, పై లెక్కలో అది ఇంకా కలపలేదు.